భద్రాద్రి కల్యాణము – శ్రోతల యర్చన

చైత్ర శుద్ధ నవమినాటి మధ్యాహ్నవేళ తెలుగువారి గృహములలో కొన్ని దశాబ్దములపాటు నడచిన యొక యాచారమును గూర్చి యీ వ్యాసమున విచారింపబూనితిని. ఆచారము చూచుటకు మిక్కిలి స్వల్పమైనది. రేడియోపెట్టెను దేవుని పటమునకు దాపున నుంచి, దీపము వెలిగించి, భద్రాచలమున జరుగుచున్న సీతారామకల్యాణమును కుటుంబమంతయు గూర్చుండి వినుట. మంగళసూత్రధారణవేళ మేళము మ్రోగినంతనే చేతనున్న యక్షతలను పటముపై జల్లి నమస్కరించుట. పిదప పానకమును, వడపప్పును నివేదించి పంచుకొనుట. ఇంతమాత్రమే. అయినను దీనిలో నొక ప్రశ్న యిమిడియున్నది. ఇట్లు వినినవారు కల్యాణమును సేవించిరా, లేక కల్యాణవార్తను మాత్రము వినిరా? గృహమున నుండి చెవితో జేసిన సేవకు సేవాత్వము గలదా?

సాహిత్యపరిశోధకులకు దీనితో నేమి పనియని కొందఱు శంకింపవచ్చును. పని గలదు. ఆ కల్యాణమును శ్రోతల చెవి జేర్చినది యంత్రము మాత్రమే కాదు, తెలుగుమాట. ప్రత్యక్షవ్యాఖ్యాన మను పేర నొక వచనరచన యా వేదికకడ బుట్టి పెరిగినది. అది వ్రాతకు ముందు పలుకబడిన వచనము. పలికిన క్షణముననే గాలిలో గలసిపోవు వచనము. హరికథకును, పురాణప్రవచనమునకును మన వాఙ్మయచరిత్రలలో నెంతో కొంత చోటు దొరకినది గాని, దీనికి దొరకలేదు.

మొదట స్థలమును గూర్చి చెప్పవలెను. భద్రాచలము గోదావరికి ఎడమయొడ్డున, పాపికొండలకు ఎగువ, దండకారణ్యభాగముగా బ్రసిద్ధమైన యడవుల యంచున నున్నది. నేడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో జేరియున్న యీ యూరికి బూర్వము యాత్ర సులభము కాదు. తూర్పునుండి వచ్చువారు రాజమహేంద్రవరమున బడవయో లాంచియో యెక్కి కొండలనడుమ గోదావరి కెదురేగి రావలెను. పడమటినుండి వచ్చువారు డోర్నకలునుండి చీలిన రైలుదారిని బోయి, పేరునకు మాత్రము భద్రాచలము రోడ్డు అనబడు కొత్తగూడెము స్టేషనులో దిగి, యక్కడనుండి సుమారు 40 కిలోమీటరు లడవిదారిని నడచియో బండ్లమీదనో వచ్చి, తుదకు గోదావరిని దాటవలెను. నదిమీద వంతెన 1965లో గాని యేర్పడలేదు. చైత్రమాసపు టెండలో నీ ప్రయాణమునకు వృద్ధులును, బాలింతలును, రోగులును, దినకూలిమీద బ్రదుకువారును పూనుకొనుట యెట్లు? రాములవారి పెండ్లిని జూడగోరి చూడలేనివారి సంఖ్య చూచినవారి సంఖ్యకంటె నెన్నిరెట్లో యెక్కువయై యుండుట సహజము.

రాజకీయముగను ఈ స్థలము రెండు రాజ్యముల సరిహద్దున నిలిచినది. 1860లో నైజాము ప్రభుత్వము గోదావరికి ఎడమయొడ్డున నున్న యీ తాలూకాలను ఆంగ్లేయుల కొసగెను. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు జేర్పబడినవి. అప్పటినుండి నదికి ఈవలి పాల్వంచ హైదరాబాదు సంస్థానము, ఆవలి భద్రాచలము మదరాసు రాజధాని. అయినను కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలును, పట్టువస్త్రములును హైదరాబాదు ప్రభువులనుండి వచ్చు మర్యాద మాత్రము నిలిచియే యున్నది. అది తానీషా నాటి సంప్రదాయమని ప్రతీతి. 1959లో భద్రాచలప్రాంతము తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు మాఱినది. 2014లో రాష్ట్రవిభజన జరిగినప్పుడు చుట్టునున్న మండలములు పెక్కు ఆంధ్రప్రదేశమునకు బోగా, భద్రాచలపు టూరు మాత్రము తెలంగాణమున నిలిచినది. ఇన్నిమార్లు గీతలు మాఱిన చోట, గీతలను లెక్కింపని సాధన మొకటి వచ్చుట విశేషమే.

దూరముననుండి సేవించుట భద్రాద్రికి గ్రొత్త గాదని నా యభిప్రాయము. ఈ క్షేత్రచరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన యర్చన ఆలయములో జరిగినది కాదు. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా కాలమున (1672–1687) పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న, సర్కారు పైకముతో గుడి గట్టించి, యా యపరాధమునకై గోలకొండ కారాగారమున బన్నెండేండ్లు మ్రగ్గెనని సంప్రదాయము. సంవత్సరసంఖ్యయందును, పైకపు మొత్తమునందును చరిత్రకారులు వాదులాడుకొనవచ్చును. దానితో మనకిక్కడ బ్రసక్తి లేదు. మన కావశ్యకమైన దొక్కటే. రామదాసు కీర్తనలుగా బ్రసిద్ధికెక్కిన వానిలో ననేకము గోలకొండలో, భద్రాద్రికి మిక్కిలి దూరముననున్న చీకటిగదిలో బుట్టినవని లోకము నమ్మినది. మూర్తి కనబడదు, గంట వినబడదు, తీర్థము లేదు, ప్రసాదము లేదు, ఉన్నది గొంతుక. ఆ గొంతుకను స్వామి యాలకించెననుటయే యీ క్షేత్రమహిమకు మూలస్తంభము. ఇట్టి క్షేత్రమున "దూరమునుండి చేసినది సేవ గాదు" అని సిద్ధాంతము చేయబూనువారు మొదట గోపన్న సంగతిని దేల్చుకొనవలసియుండును.

గోపన్న భక్తునివైపునుండి స్వామికి బోవు మాటకు దృష్టాంతము. రేడియో దీనిని దిరుగద్రిప్పి, ఆలయమువైపునుండి భక్తునికి వచ్చు మాటగా జేసినది. ఈ రెంటినడుమ మఱియొక మెట్టు గలదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున గుంటూరునుండి వచ్చిన తూము నరసింహదాసును, ఆయన సహచరుడు వరద రామదాసును భద్రాచలమున నిత్యోత్సవములను, సేవాక్రమమును గట్టుదిట్టము చేసిరి. మేలుకొలుపు మొదలు పవళింపువఱకు నే సేవ కే కీర్తన పాడవలెనో యేర్పడుట యీ కాలపు ఫలమే. సేవకు నియతమైన కీర్తన యున్నచోట, కీర్తన వినబడినంతనే సేవ స్మృతికి వచ్చును. ఇల్లాలు వంటయింటిలో మేలుకొలుపు బాడుకొనుచు గర్భాలయమును మనసున జూచుట కిదియే యాధారము. తరువాతి కాలమున విజయవాడ రేడియోలో వేకువజామున వెలువడిన భక్తిరంజని యీ పాతబాటమీదనే నడచినది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగము గోపాలరత్నము మున్నగువారి పేర్లు దానితో ముడిపడియున్నవి.

ఇక ప్రసారముల రాక. దక్షిణదేశమున బ్రసారములకు శ్రీకారము చుట్టినది 1924లో మదరాసున నేర్పడిన రేడియో క్లబ్బు. ఆకాశవాణి మదరాసు కేంద్రము 1938 జూను 16న ప్రారంభమై, తెలుగునకును గొంత కాలము నొసగెను. హైదరాబాదున మొదట నొక ప్రైవేటు కేంద్రముగా బుట్టి, 1935లో నైజాము ప్రభుత్వము క్రిందికి వచ్చిన దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో గలసినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న దెఱవబడినది. భద్రాద్రి కల్యాణప్రసారమునకు బిమ్మట నింటిపేరైనది యీ విజయవాడ కేంద్రమే. నదికి ఈ యొడ్డున నొక సర్కారు రేడియో, ఆ యొడ్డున మఱియొక సర్కారు రేడియో యుండిన కాలము 1950తో ముగిసినందున, కల్యాణము తెలుగువారి కందఱకు నొకే గొంతుకతో వినబడుట సాధ్యమైనది.

"ఆకాశవాణి" యను పేరును గూర్చి యొకమాట. మైసూరులో గోపాలస్వామి 1935లో దన ప్రసారకేంద్రమున కీ పేరు పెట్టెను. 1957 మొదలు దేశమంతటి ప్రసారములకు నదియే పేరైనది. భాగవతము జదివినవారికి ఆకాశవాణి, యనగా నశరీరవాణి, మొదట దలపునకు వచ్చునది పెండ్లివేళనే. దేవకీవసుదేవుల పెండ్లిరథమును దాను దోలుచుండగా గంసుడు విన్నది యీ వాణినే. ఆ పెండ్లిలో నశరీరవాణి భయమును దెచ్చినది. భద్రాద్రి పెండ్లిలో మంగళమును దెచ్చినది. పేరుపెట్టినవారి కిది తోచియుండకపోవచ్చును గాని, పండితులకు దోపకమానదు.

ఇప్పుడు వ్యాఖ్యానమునకు వత్తము. కల్యాణవేదికకడ ధ్వనిగ్రాహకము నుంచి, యక్కడి ధ్వనిని దీగెద్వారమున గేంద్రమునకు బంపి, యక్కడనుండి గగనమున కెత్తుట సాంకేతికుల పని. కాని వేదికమీది ధ్వనిని మాత్రమే వినిపించినచో శ్రోత కేమి తెలియును? ఎదురుకోలుత్సవము ముందునాటి రాత్రియే జరిగిపోయియుండును. నవమినాడు విష్వక్సేనపూజ, పుణ్యాహవాచనము, రక్షాబంధనము, యజ్ఞోపవీతధారణము, వరపూజ, మధుపర్కము, ప్రవరోచ్చారణము, జీలకఱ్ఱ బెల్లము, సూత్రధారణము, తలంబ్రాలు, బ్రహ్మముడి యనునవి వరుసగా జరుగును. ఇందు సగము క్రియలు నిశ్శబ్దములు. అర్చకుడు దర్భను ద్రిప్పును, వస్త్రమును గప్పును, పళ్లెరమును జూపును. వీని కేమియు జప్పుడు లేదు. మిగిలిన సగము సంస్కృతమంత్రములు; అవి యందఱకు వినబడును గాని యందఱకు దెలియవు. కన్ను జూచుదానిని జెవికి జెప్పుట, చెవి విన్నదానిని మనసునకు జెప్పుట, ఈ రెండును వ్యాఖ్యాత పనులు.

దీని కష్టము హరికథకుని కష్టము గాదు. హరికథకు గాలము కథకుని చేతిలో నుండును; తనకు వలసినచో సాగదీయును, వలదన్నచో ముగించును. ప్రవచనకర్తకును గ్రంథమే ప్రమాణము. ప్రత్యక్షవ్యాఖ్యాతకు గాలము నర్చకులు గొనిపోవుదురు. ముత్యాల తలంబ్రాలు దెచ్చు పెద్దలు రాక యాలస్యమైనచో నా యాలస్యమును నింపవలెను. నింపుచుండగా హఠాత్తుగా మంత్రము మొదలైనచో, ఎత్తుకొన్న వాక్యమును విఱువక ముగించి తప్పుకొనవలెను. అన్నిటికంటె గష్టమైనది మౌనము. సూత్రధారణవేళ గట్టిమేళము మ్రోగునప్పుడు వ్యాఖ్యాత మాటాడినచో శ్రోతకు గల్యాణము చెడును. మాటాడక మునుపు దగినంత చెప్పియుండనిచో నా మేళమెందులకో శ్రోతకు దెలియదు. భద్రాద్రిలో సీతమ్మవారికి గట్టు సూత్రములు మూడు: దశరథులవారి పక్షమున నొకటి, జనకులవారి పక్షమున నొకటి, భక్తుల పక్షమున రామదాసు చేయించినదిగా జెప్పుకొనునది యొకటి. ఈ మూడవ సూత్రపు సంగతి ముందుగా వినియుండనిచో, మేళము విన్న శ్రోతకు దనకును ఆ వేదికమీద బాలున్నదని తెలియుట యెట్లు? వ్యాఖ్యాత సామర్థ్యమంతయు నీ రెండు నిమిషములకు ముందు గడచు కాలములో నున్నది.

ఈ విద్యలో దెలుగువారు మఱువని పేరు ఉషశ్రీగారిది. ఆయన యసలుపేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు; 1928లో పశ్చిమగోదావరి మండలమందలి కాకరపఱ్ఱున జన్మించి, 1990లో గీర్తిశేషులైరి. ఆకాశవాణి విజయవాడ కేంద్రమునుండి రామాయణభారతములను బ్రవచించుటచేతను, ధర్మసందేహములకు సమాధానము లిచ్చుటచేతను ఆయన గొంతుక యింటింట నెఱిగినదయ్యెను. ఆయనకు బూర్వమును, పిమ్మటను భద్రాద్రి వేదికకడ వ్యాఖ్యానించిన పండితులు లేకపోలేదు. మల్లాది చంద్రశేఖరశాస్త్రిగారు (1925–2022) వారిలో నగ్రగణ్యులు. శాస్త్రిగారిది శాస్త్రమునుండి దిగివచ్చు మాట. దీక్షితులుగారిది లోకమునుండి శాస్త్రమున కెక్కు మాట. ఎవరు గొప్పయని నిర్ణయించుట నా యుద్దేశము గాదు గాని, యింటనుండి వినువారికి రెండవదారి దగ్గఱయని మాత్రము నాకు దోచును. పెండ్లికి బిలిచిన బంధువు, వాకిట నిలిచినవానిని "రండు, ఇటు గూర్చుండుడు" అని లోనికి దీసికొనిపోవు చనవు ఉషశ్రీగారి వాక్కున నున్నది. ఈయన పలికిన తెలుగు గ్రాంథికమును గాదు, వట్టి వాడుకయు గాదు. సమాసమును వినువాని యూపిరికి దగినట్లు విఱిచి పలుకు శిష్టవాక్కు. ఇట్టి వచనమును బరీక్షింపగోరువారు ముద్రితప్రతులకంటె ధ్వనిముద్రణములనే యాశ్రయింపవలసియున్నది. ఏలయన దీనిలో విరామమును నొక యలంకారమే.

గృహమున జరిగినదానిలో నొక విశేషమును బంచాంగజ్ఞులు గమనింతురుగాక. కల్యాణమునకు సూత్రధారణకాల మభిజిత్తు, అనగా మిట్టమధ్యాహ్నము. పూర్వము ఏ యూరి రామాలయములో నా యూరి మధ్యాహ్నమును బట్టి పెండ్లి జరుగుచుండెడిది. రేడియో వచ్చిన తరువాత బెక్కిండ్లలోను, పందిళ్లలోను భద్రాద్రి మేళము వినబడిన క్షణమే సూత్రధారణక్షణమైనది. ఇది శాస్త్రసమ్మతమేనా? లెక్కించి చూతము. సూర్యుడు తూర్పుపడమరల నొక్క డిగ్రీని దాటుటకు 4 నిమిషములు పట్టును. ఉత్తరపు టెల్లయైన ఇచ్ఛాపురమున భద్రాద్రికంటె సుమారు 15 నిమిషములు ముందుగా మధ్యాహ్నమగును. పడమటి హిందూపురమున సుమారు 14 నిమిషములు ఆలస్యముగా నగును. హైదరాబాదున 10 నిమిషము లాలస్యము. పగటిని బదునైదు భాగములు చేయగా నెనిమిదవది యభిజిన్ముహూర్తము. చైత్రమాసమున నది సుమారు 48 నిమిషములు. దాని నడిమి బిందువునకు ఇరువైపుల 24 నిమిషముల చొప్పున నుండును. కావున భద్రాద్రి మధ్యాహ్నమున మేళము మ్రోగినచో, అది తెలుగునేల యీ కొననుండి యా కొనవఱకు నెక్కడ విన్నను, అక్కడి యభిజిన్ముహూర్తమునకు వెలుపల బడదు. ఒక్క గంటతో నింత దేశమునకు ముహూర్తము కుదురుట యాదృచ్ఛికమేయైనను, రేడియోను బట్టి పెండ్లి చేసినవారి ముహూర్తము తప్పలేదని పండితులు నిశ్చింతగా జెప్పవచ్చును.

ముహూర్తము కుదిరినను సేవాత్వ ప్రశ్న తీఱలేదు. ఈ ప్రశ్న మనకొక్కరికే పుట్టినది గాదు. అమెరికాలో 1921 జనవరి 2న పిట్స్‌బర్గు నగరపు గ్రైస్తవదేవాలయమునుండి యారాధన రేడియోలో వెలువడినది. ఆ దేశపు యూదులు 1934 మొదలు "ఇజ్రాయేలు సందేశము" అను పేరను, 1944 మొదలు "నిత్యజ్యోతి" అను పేరను దమ ధర్మబోధను బ్రసారము చేసిరి. పండుగప్రార్థనలు నింటింట వినబడసాగినవి. అయితే వారిలో విధినిష్ఠులకు బెద్ద చిక్కు వచ్చినది. విశ్రాంతిదినమునను, పండుగదినమునను విద్యుద్యంత్రమును ద్రిప్పుట వారికి నిషిద్ధము. త్రిప్పకుండ ముందే తెఱచియుంచిన యంత్రమునుండి విన్నను, ఆ ధ్వని మనుష్యుని గొంతుకయా, యంత్రపు గొంతుకయా యను సందేహము తీఱదు. షలోమో జల్మన్ ఔర్బఖ్ (1910–1995) అను యెరూషలేము ధర్మవేత్త, ధ్వనిగ్రాహకమును దాటివచ్చినది యసలు స్వరము గాదు గనుక దానిని వినుటచే విధి నెఱవేరదని నిర్ణయించెను.

ఈ వాదమునకు మూలము రేడియోకంటె నెంతో పాతది. యూదుల ప్రాచీనస్మృతియైన మిష్నాలో, నూతనసంవత్సరదినమున నూదు కొమ్ముబూరను గూర్చిన ప్రకరణమున, గోతిలోనో కుండలోనో యూదినచో విన్నది బూరధ్వనియా ప్రతిధ్వనియా యని విచారించి, ప్రతిధ్వనిని విన్నవానికి విధి తీఱలేదని తేల్చిరి. అచ్చటనే మఱియొక నిర్ణయము గలదు. ప్రార్థనామందిరము వెనుకదారిని బోవువాడుగాని, మందిరమునకు దాపున నిల్లున్నవాడుగాని యా ధ్వనిని విన్నప్పుడు, మనసు నిలిపి విన్నచో విధి తీఱినట్లే. మనసు నిలుపనిచో దీఱనట్లే. తాల్ముదులో నలెగ్జాండ్రియా మహామందిరమును గూర్చిన కథయు నీ సందర్భముననే స్మరింపదగినది. జనసమ్మర్దముచే బ్రార్థన వినబడని దూరమున నున్నవారికి, నడుమనున్న మెట్టుమీదినుండి యొకడు పతాకమును విసరగా, అది చూచి వారు "ఆమేన్" అనుచుండిరట. అక్కడ జెవికి బదులు కన్ను, ఇక్కడ గంటికి బదులు చెవి. మన గుంటూరు మండలమున చేబ్రోలు దాపున గొత్తరెడ్డిపాలెమున 1991 నుండి ప్రార్థనామందిరము గల తెలుగుయూదుల చిన్నసమాజ మున్నదను సంగతి పాఠకులలో గొందఱు ఎఱుగకపోవచ్చును. ఈ మీమాంస కావున మనకు బొత్తిగా బరాయిది గాదు.

ఈ వాదము భద్రాద్రి శ్రోతకు వర్తించునా? వర్తింపదని నా నిర్ణయము. కారణము చెప్పెదను. బూరను వినుట యూదునకు స్వయముగా నెఱవేర్పవలసిన విధి. విననిచో దోషము గలదు. అందువలన విన్నది యెట్టి ధ్వనియని నిగ్గుదేల్చుట యావశ్యకము. భద్రాద్రి కల్యాణమున గర్త యర్చకుడు. క్రియ పాంచరాత్రాగమమును బట్టి వేదికమీద సమగ్రముగా జరిగిపోవును. వచ్చినవాడుగాని, రానివాడుగాని దానికి హెచ్చుతగ్గులు తేలేడు. వేదికముందు గూర్చుండిన లక్షలమందియు గర్తలు గారు, పెండ్లికి వచ్చిన చుట్టములు. చుట్టమునకు విధి లేదు. ఉన్నది యాశీస్సును, ఆనందమును. రాలేని చుట్టము తన యింటనే యక్షతలు వేసి దీవించుట మన మనుష్యుల పెండ్లిళ్లలోను మర్యాదయే గదా. పైగా నవవిధభక్తులలో బ్రహ్లాదుడు మొదట నెన్నినది శ్రవణము; అర్చనము దానికి వెనుక వచ్చినది. ఇంటివాడు శ్రవణమును బూర్ణముగా జేసి, యర్చనమును దన పటమునకు జేసెను. వానికి లోపించినవి మూర్తిదర్శనమును, తీర్థప్రసాదములును మాత్రమే. ఈ లోపమును లేదనుట యసత్యము. దీనినిబట్టి సేవయే లేదనుట యతివాదము.

ఈ నిర్ణయమును నిరాకరించు పండితుల మాటయు వినవలసినదే. వారి యసలు యాక్షేపము ధ్వనినిగూర్చి కాదు, అధికారమునుగూర్చి. వేదమంత్రము వినదగినవా రెవరు, ఎప్పుడు, ఎట్టి శుచితో నను కట్టుబాట్లు పూర్వులు చేసియుండిరి. రేడియో యా కట్టుబాట్ల నెఱుగదు. మదరాసు ప్రభుత్వ మాలయప్రవేశశాసనము చేసినది 1947లో. అనగా విజయవాడ కేంద్రము వెలసిన నాటికి నిమ్నజాతులవారికి గుడివాకిలి చట్టముచేత దెఱువబడి యొక్క సంవత్సరము మాత్రమే గడచియుండెను. చట్టము తెఱచిన వాకిలిని వాడుక వెంటనే తెఱువదు. అట్టి కాలమున, వాడలోని గుడిసెలో గాని, యగ్రహారములోని మండువాయింటిలో గాని, ప్రవర యొకేతీరున, ఒకే గొంతుకతో వినబడినది. వ్యాఖ్యాత యెవరిని బేరుపెట్టి పిలువలేదు, ఎవరిని బొమ్మనలేదు. అధికారవాదమునకు సమాధాన మెవరును శాస్త్రముఖమున జెప్పలేదు. శ్రోతలు విని చూపించిరి. పండితులు దీనిని నష్టముగా నెంతురేని యెంతురుగాక, నేను లాభముగా నెంచుచున్నాను.

కాని లాభ మందఱకు సమముగా నందలేదు. భద్రాద్రి స్థలకథ ప్రకారము రామమూర్తులను మొదట గనుగొని, పుట్టతొలగించి, తాటియాకుల పందిరి వేసి పూజించినది పోకల దమ్మక్క యను నడవిపల్లె భక్తురాలు. ఆమె జాతివారని చెప్పదగిన కోయపల్లెలు గుడికి గూతవేటు దూరముననుండి దట్టపుటడవిలోనికి వ్యాపించియున్నవి. ఈ పల్లెలకు విద్యుత్తు రాక యాలస్యము; రేడియోకు బైకము చాలదు, దానికి లైసెన్సు రుసుము గట్టవలసిన దినము లవి; కొండలనడుమ ధ్వని నిలుకడగా నందదు. కృష్ణాతీరపు రైతునకు మండువాలో వినబడిన మేళము, వేదికకు బదిక్రోసులలోనున్న గూడెమున వినబడలేదు. కొత్తగూడెమున ఆకాశవాణి కేంద్రము వెలసినది 1989లో. మొదటి పూజారిణి బిడ్డలకు బెండ్లిపిలుపు కడపట నందినదని చెప్పిన నతిశయోక్తి గాదు.  కోయభాషలో గల్యాణక్రమమును వివరించు వ్యాఖ్యాతను గూర్చి మన విద్వత్సభలు నేటికైన యోచింపవలసియున్నది.

టెలివిజను వచ్చినపిదప వ్యాఖ్యానపు స్వరూపము మాఱినది. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో దెఱవబడినది. కన్ను చూచుచున్నప్పుడు వర్ణనకు బనిలేదు. వ్యాఖ్యాతలు క్రమముగా వర్ణనను విడిచి విశేషములు చెప్పుటకు దిగిరి. ఇందువలన వచనమునకు గలిగిన నష్టమును విస్తరించి చెప్పనక్కఱలేదు. అయినను ఇంటినుండి సేవించుట మాత్రము నిలిచినది. 2020లో దానికి బరీక్షయు వచ్చినది. మహమ్మారిచే దేశమంతయు మూతపడిన యా సంవత్సరము ఏప్రిల్ 2న, లక్షలమంది గూడు మిథిలా ప్రాంగణమును విడిచి, ఆలయములోపలనే కొద్దిమంది యర్చకుల నడుమ గల్యాణము జరిగినది. 2021లోను భక్తులు లేకయే జరిగినది. వంతెన యున్నది, దారి యున్నది, బస్సులున్నవి; పోవుటకు వీలులేదు. ఆ రెండేండ్లును తెలుగునేలయంతయు దూరపుచుట్టమే యయ్యెను. రేడియోకాలమున వృద్ధులకును, రోగులకును విడువబడిన స్థానమున నందఱును గూర్చుండిరి. అప్పుడు ఇంట జేసినది సేవయా కాదా యని యడిగినవారు లేరు. 2022లో భక్తులు మరల మిథిలా ప్రాంగణమున గూడిరి.

ధ్వని మోయలేని వస్తువు లిప్పుడు వేఱుదారిని బోవుచున్నవి. 2022 మొదలు తెలంగాణ రోడ్డురవాణా సంస్థ, రుసుము చెల్లించినవారి యిండ్లకు భద్రాద్రి తలంబ్రాలను బొట్లములుగా జేర్చు నేర్పాటు చేసినది. దీనికి ఎదురుగా నడచు దారియు నొకటి యున్నది. గోదావరి మండలమందలి కోరుకొండ ప్రాంతమున భక్తులు వడ్లను రోట దంపక, గోటితో నొక్కొక్క గింజను నొలిచి, ఆ గోటి తలంబ్రాలను నవమికి ముందే భద్రాచలమునకు గొనిపోవుచున్నారు. అందు వడ్లొలుచుట యంతయు నింటి పని. పండుగకు బోలేని ముసలివారు సయితము వాకిట గూర్చుండి గింజ లొలుతురు.